మహమ్మారి వేళ మృత్యుభావన: జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల ఆచారం – ఆపద్ధర్మం

మరణ విషయంలో శాస్త్రం చెప్పేది ఒకటి, జనం నమ్మేది మరొకటి అన్న అభిప్రాయం విద్వల్లోకంలో చిరకాలంగా స్థిరపడి ఉన్నది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ మహమ్మారి సృష్టించిన కల్లోలం ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలింపవలసిన అగత్యాన్ని కలిగించింది. ఆ రెండేండ్లలో తెలంగాణ పల్లెలను మరణం ఎంతగా బాధించిందో, మరణించినవారిని తగిన తీరున సాగనంపలేకపోవడమూ అంతగా బాధించింది. కడసారి స్నానం లేదు, నలుగురు మోసే పాడె లేదు, పిట్టకు పెట్టడానికి బంధువుల రాక లేదు. ఇట్టి ఆపత్కాలంలో ఏమి చేయాలన్న ప్రశ్నకు ధర్మశాస్త్రంలోను, దేశాచారంలోను స్పష్టమైన సమాధానాలు ఉన్నవి. అవి అవసరమైన వేళ అవసరమైన వారికి అందలేదు. ఈ లోపానికి విశ్వాసాన్ని నిందించడం సులభమే గాని న్యాయం కాదు. విశ్వాసానికి వ్యాఖ్యానం చెప్పవలసిన విద్యాసంస్థల మౌనమే ఇందుకు ప్రధాన కారణం.

ఈ విచారానికి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు తగిన క్షేత్రాలు. ప్రధానంగా పూర్వపు వరంగల్లు జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలలో మృత్యువును గూర్చిన భిన్న దర్శనాలు పక్కపక్కనే నివసిస్తున్నవి. జనగామ సీమలో పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన స్వగ్రామంగా ప్రసిద్ధమైన బమ్మెర ఉన్నవి. మహబూబాబాదులో లంబాడా తండాలు, కోయగూడేలు విస్తారంగా ఉన్నవి. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం ప్రాణహితా గోదావరుల సంగమస్థానం. అస్థి నిమజ్జనానికి, పిండప్రదానానికి పరిసర జిల్లాల ప్రజలు అక్కడికే చేరుకుంటారు.

మొదట విధివాదాన్ని పరిశీలించాలి. మహమ్మారి కాలంలో "నూకలు చెల్లినవి", "రాత అంతే" అన్న మాటలు పల్లెలలో విరివిగా వినవచ్చినవి. విశ్వాసమున్న సమాజం మృత్యువుకు ముందుగానే తలవంచుతుందని, చికిత్స పట్ల ఉదాసీనత వహిస్తుందని కొందరు వీటి ఆధారంగానే విమర్శించారు. కాని ఈ మాటలను జనం చావుకు ముందు పలుకుతారా, తరువాత పలుకుతారా అన్నది చూడవలసి ఉన్నది. జ్వరం వచ్చినవాని ఎదుట నూకలు చెల్లినవని ఎవరూ అనరు. అతనిని బ్రతికించుకొనడానికి ఆసుపత్రికి, నాటువైద్యునికి, దేవర గద్దెకు ఏకకాలంలో పరుగులు తీస్తారు. అన్నీ విఫలమైన పిదప, మిగిలినవారు ఇంకను బ్రతకవలసి ఉన్నందున, ఆ మాట ఊరటగా పుడుతుంది. ఓదార్పు కోసం పుట్టిన పలుకును సిద్ధాంతంగా గ్రహించడం విమర్శలోని ప్రథమ దోషం.

శాస్త్రం సైతం విధివాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు. చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. పాంచాలదేశంలోని కాంపిల్యనగర ప్రాంతాన, గంగాతీరంలో పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి చేసిన ఉపదేశం ఇది. భిన్న ప్రకృతులు, భిన్న ఆహారాలు, భిన్న వయస్సులు గల జనులు ఒకేసారి ఒకే వ్యాధితో ఎట్లా నశిస్తారన్నది అక్కడి ప్రశ్న. అందరికీ సమానమైన వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగు వికృతి చెందడమే హేతువని, ఆ వికృతికి మూలం అధర్మమని, అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధమని ఆత్రేయుని సమాధానం. ఇదే అధ్యాయంలో అగ్నివేశుడు మరొక శంక లేవనెత్తుతాడు: ఆయుఃప్రమాణం అందరికీ నియతమేనా? నియతమే అయితే ఔషధాలు, మంత్రాలు, హితచర్యలు అన్నీ వ్యర్థమే కావలసి వస్తుందని ఆత్రేయుడు వాదిస్తాడు. దైవం, పురుషకారం రెండింటి బలాబలాలపై ఆయువు ఆధారపడుతుందంటాడు. బండి ఇరుసు తగిన బరువుతో, మంచి దారిలో నడిస్తే కాలక్రమాన అరిగి పోతుంది. అధికభారం వల్లనో, దారి చెడినందువల్లనో నడుమనే విరుగుతుంది. మొదటిది కాలమృత్యువు, రెండవది అకాలమృత్యువు. మహమ్మారిని ఎదుట ఉంచుకొని చెప్పిన అధ్యాయంలోనే నియతాయుర్వాద ఖండనం చోటుచేసుకొనడం యాదృచ్ఛికం కాదు. ఆపత్కాలంలో వైద్యుడు ఎదుర్కొనవలసిన మొదటి శత్రువు నైరాశ్యమని ఆ శాస్త్రకారునికి తెలుసు.

జనవిశ్వాసం సైతం అంటువ్యాధిని నిష్క్రియగా స్వీకరించలేదు. తెలంగాణలో కలరాను గత్తర అన్నారు; మశూచిని అమ్మవారు అన్నారు. పోశమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ గ్రామపు పొలిమేరలను కాచే తల్లులు. లంబాడాలు ఆషాఢమాసంలో తండా వెలుపల సీత్లాభవానిని కొలుస్తారు. పిల్లలను, పశువులను వ్యాధుల నుండి కాపాడమని మొక్కుతారు. మశూచి సోకిన ఇంట పాటించిన నియమాలు ఇక్కడ స్మరింపదగినవి. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పరాయివారు లోపలికి రారాదు, ఇంటివారు వెలుపలికి పోరాదు. రోగిని ప్రత్యేకంగా ఉంచేవారు. నేటి భాషలో ఇది ఏకాంతవాసమే. అయితే ఆ ఏకాంతవాసంలో రోగి దేవతకు ఆవాసం. అతనిని దూరంగా ఉంచినవారే అతని ఎదుట చేతులు జోడించారు. మశూచి 1975 తరువాత భారతదేశంలో కనిపించలేదు. 1980లో ప్రపంచం నుండి నిర్మూలితమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. టీకా మశూచిని తరిమివేసింది. దానితోపాటు, దూరంగా ఉంచవలసిన మనిషిని గౌరవించే భాష కూడా కనుమరుగైంది. కోవిడ్ వచ్చేనాటికి దూరం మాత్రమే మిగిలింది. గుమ్మానికి వేపమండ కట్టిన చోట హెచ్చరిక కాగితం అంటింది. వైద్యదృష్టిలో రెండూ ఒకే పని చేస్తాయి. రోగి మనస్సులోను, ఇరుగుపొరుగు మనస్సులోను అవి చేసే పని ఒకటి కాదు.

పాత విశ్వాసం రోగాన్ని మాన్పిందని ఇక్కడ ప్రతిపాదన కాదు. మశూచి వల్ల అసంఖ్యాకులు మరణించారు; టీకాను అపచారంగా భావించి నిరాకరించినవారూ ఉన్నారు. విశ్వాసం చేసిన మేలు వేరొకటి. అది భయానికి ఒక క్రమాన్ని ఇచ్చింది. ఆ క్రమం లోపించినపుడు భయం మృతదేహంపైకి మళ్లింది. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక వైద్యుని ఖననాన్ని స్థానికులు రాళ్లు రువ్వి అడ్డగించగా, మద్రాసు హైకోర్టు తనంతట తాను విచారణ చేపట్టి, గౌరవప్రదమైన అంత్యక్రియలు జీవించే హక్కులో అంతర్భాగమని పేర్కొన్నది. అడ్డగించినవారు ఏ మతగ్రంథాన్నీ ప్రమాణంగా చూపలేదు. శవాన్ని నిరాకరించమని ఏ విశ్వాసమూ బోధించదు.

ఈ సీమలోని అంత్యక్రియలలో దింపుడుకల్లం ఒక ముఖ్యఘట్టం. శ్మశానానికి పోయే దారిలో పాడెను నేలకు దించి, మృతుని చెవిలో ముమ్మారు పేరుపెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతాడన్న చివరి ఆశ అది. దింపుడుకల్లం ఆశ అన్న నుడికారం ఇందుండి పుట్టినదే. ఆ పిలుపుకు బదులు రాకపోవడంతోనే చావు నిశ్చయమవుతుంది. దుఃఖించేవారికి దుఃఖించే అధికారం లభిస్తుంది. మహమ్మారి కాలంలో ఆసుపత్రి నుండి నేరుగా శ్మశానానికి తరలిన దేహాలకు ఈ పిలుపు దక్కలేదు. ముఖం చూడనివారికి మరణం వార్తగానే మిగిలింది. ఏండ్లు గడిచినా సరిగా సాగనంపలేదన్న అపరాధభావం ఇండ్లలో మిగిలిపోవడానికి ఇదే మూలం.

ప్రభుత్వ నియమాలు నిజానికి ఇంత కఠినంగా లేవు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చి 15న వెలువరించిన మార్గదర్శకాలు తగిన జాగ్రత్తలతో మృతుని ముఖాన్ని బంధువులకు చూపవచ్చునన్నవి. దేహాన్ని తాకనవసరం లేని మతగ్రంథపఠనం, పవిత్రజల ప్రోక్షణం వంటి క్రియలను అనుమతించినవి. స్నానం చేయించడం, ఆలింగనం చేయడం వంటివి నిషిద్ధాలు. చితాభస్మం వల్ల ప్రమాదం లేదని, అస్థిసంచయనం చేసుకోవచ్చునని కూడా చెప్పినవి. అదే నెల 24న ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంటువ్యాధితో మరణించినవారిని దహనమే చేయాలన్నది అపోహ అని ప్రకటించింది. ఆజ్ఞ అనుమతించినదానిని భయం నిషేధించింది. దూరం నుండి పేరుపెట్టి పిలవడానికి ఏ నియమమూ అడ్డురాదని చెప్పేవారు ఊరిలో లేకపోయారు.

ఇక శాస్త్రవిషయం. ఆపత్కాలంలో కర్మలోపం జరుగుతుందని ధర్మశాస్త్రకర్తలు ముందే ఊహించారు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయంలోని ఆశౌచప్రకరణం యుద్ధంతోపాటు దేశవిప్లవాన్ని, కష్టతరమైన ఆపదను పేర్కొని, అట్టివేళ సద్యఃశౌచాన్ని విధించింది. అనగా పదిదినాల ఆశౌచానికి బదులు స్నానమాత్రంతో శుద్ధి. దూరదేశంలో బంధువు మరణించిన వార్త ఆలస్యంగా తెలిసినవారికి మనుస్మృతి ప్రత్యేకవిధి చెప్పింది: పదిదినాలలోపు వింటే మిగిలిన దినాలు, ఆ తరువాత వింటే మూడు రాత్రులు, సంవత్సరం దాటితే స్నానం చాలును. రవాణా స్తంభించి స్వగ్రామం చేరలేకపోయిన వలసకూలీల కుటుంబాలకు ఈ ఒక్క విధి ఎంత ఊరట కలిగించి ఉండేదో ఊహింపవచ్చు.

దేహమే లభించనపుడు పర్ణనరదహనం విహితం. అస్థులు లభిస్తే వాటినే సంస్కరించాలి. అవీ లేనపుడు 360 పలాశవృంతాలతో మానవాకృతి కల్పించి దహనం చేయాలని గరుడపురాణం, నిబంధగ్రంథాలు చెప్తున్నవి. పలాశమనగా మోదుగు. భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో అది కొరత లేని చెట్టు. కర్తృత్వ విషయంలోనూ శాస్త్రం సంకుచితం కాదు. పుత్రుడు లేనపుడు ఎవరెవరు అధికారులో క్రమంగా చెప్పి, చివరకు ఎవరూ లేనపుడు రాజే సంస్కారం చేయించాలన్నది. మున్సిపల్ కార్మికుల చేతులమీదుగా జరిగిన దహనం, ఈ దృష్టితో చూస్తే, రాజధర్మమే. అనాథశవాన్ని మోసేవారికి అడుగడుగునా యజ్ఞఫలం కలుగుతుందని, వారికి ఆశౌచం లేదని, స్నానంతోనే శుద్ధులని పరాశరస్మృతి చెప్పింది. స్మృతి ఈ మాటను ద్విజులకు పరిమితం చేసిన మాట నిజం. కాని అందులోని న్యాయం ఆ పరిమితిని దాటినది. 2020, 2021లలో పరాయివారి దేహాలను మోసిన యువకులు, అన్ని మతాలవారు, అన్ని కులాలవారు, ఆ యజ్ఞఫలానికి అర్హులు. వారిని ఊరిలోకి రానీయడానికి సంకోచించినవారు శాస్త్రాన్ని ఉల్లంఘించినట్లే.

ఇదంతా ఒక వర్గపు శాస్త్రమని, ఈ మూడు జిల్లాలలోని అధికసంఖ్యాకులకు దానితో సంబంధం లేదని ఆక్షేపణ రావచ్చు. ఆక్షేపణ సహేతుకమే. సమాధానం ఆ జనుల ఆచారాలలోనే ఉన్నది. పాల్కురికి సోమనాథుడు ప్రచారం చేసిన వీరశైవంలో లింగధారికి మరణసూతకమే లేదు. మరణం లింగైక్యం, దేహాన్ని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. స్మార్తులు ఆపదలో మాత్రమే అంగీకరించిన సద్యఃశౌచానికి మించిన స్థితి వారికి నిత్యధర్మం. కోయలలో దహన ఖననాలు రెండూ ఉన్నవి. మృతుని స్మృతికి రాయి నిలిపే ఆచారమున్నది. వారి వంశగాథలను పడిగె పటాలు చూపుతూ డోలీలు గానం చేస్తారు. దేహం ఎక్కడ పోయినా పేరు గానంలో చేరితే మృతుడు తనవారిలో చేరినట్లే. పొరుగున మేడారంలో జంపన్న వాగులో ప్రాణాలు విడిచాడని, సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమై కుంకుమభరిణగా మిగిలిందని కథ. దేహం దొరకని మరణాన్నే ఆ సంప్రదాయం వేల్పుగా నిలిపింది. మహబూబాబాదు జిల్లా పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు ఆ జాతరకు తరలివెళ్లడం ఈనాటికీ సాగుతున్నది. ఇస్లాంలో మహమ్మారితో మరణించినవానికి షహీదు పదవి ఉన్నది. జలంతో స్నానం సాధ్యం కానపుడు తయమ్ముమ్ విధి ఉన్నది. ఒక్కొక్క సంప్రదాయంలో ఒక్కొక్క ద్వారం తెరచి ఉన్నది. మూసి ఉన్నవని జనం అనుకోవడమే విషాదం.

క్రియాకలాపాల వల్లనే వ్యాధి వ్యాపించిందన్న రెండవ ఆక్షేపణ కూడా కొంతవరకు సత్యమే. దినకర్మల పేరిట గుంపులు చేరడం కొన్నిచోట్ల అనర్థహేతువైంది. అయితే గుంపును ఆపడానికి క్రియను ఆపనక్కరలేదు. పశ్చిమ ఆఫ్రికాలో 2014లో ఎబోలా ప్రబలినపుడు తొలినాళ్లలో అధికారులు ఆచారాలను పూర్తిగా నిషేధించగా, కుటుంబాలు శవాలను దాచి రహస్యంగా ఖననం చేసినవి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్యసంస్థ మతపెద్దలతో కలిసి సురక్షిత, గౌరవప్రద ఖననవిధానాన్ని రూపొందించింది. స్పర్శను మాత్రం తొలగించి ప్రార్థనను నిలిపింది. ఆచారాన్ని గౌరవించిన చోట నియమం నిలిచింది. ఆంధ్రదేశపు నిబంధకారులకు ఈ సూత్రం కొత్త కాదు. ముఖ్యకల్పం సాధ్యం కానపుడు అనుకల్పం చెప్పడమే వారి పని.

కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలున్నవి. ఒకటి కాలుడైన యముడు, రెండవది ముక్తీశ్వరుడైన శివుడు. శివుడు అందరికీ ముక్తినిస్తుండగా తనకు పని లేకుండా పోయిందని యముడు మొరపెట్టుకోగా, తన పక్కనే అతనికి స్థానమిచ్చి, ముందు అతనినే అర్చించాలని శివుడు ఆనతిచ్చాడని స్థలపురాణం. ముక్తి కోరేవాడు మృత్యువును తప్పించుకొని పోరాదని, దానికి చెల్లవలసిన మర్యాద ముందు చెల్లించాలని ఈ కథ తాత్పర్యం. మహమ్మారి వేళ చెల్లని మర్యాద అదే. బమ్మెర పోతన తెలిగించిన భాగవతం సైతం ఏడుదినాలలో మరణించనున్న పరీక్షిత్తుకు చెప్పిన కథ. అతనికి గంగాతీరం, శుకుని సన్నిధి, మునుల పరివారం లభించినవి. ప్రాణవాయువు యంత్రం నడుమ ఏకాంతంగా పోయినవారికి ఒక్క పరిచిత స్వరమైనా దక్కలేదు. మరణించేవానికి తోడు ఉండాలన్నది ఆ మహాగ్రంథపు చట్రమే చెప్పే ధర్మం. ఇకముందు వచ్చే ఆపదలో దూరవాణి ద్వారానైనా ఆ స్వరాన్ని రోగి చెవికి చేర్చడం ఆసుపత్రుల నియమావళిలో భాగం కావాలి.

అంతర్జాతీయ అత్యవసరస్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5న ప్రకటించింది. భారతదేశంలో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు 5 లక్షల 30 వేలకు పైబడినవి. ఆపద గడిచినది గనుక ఈ విచారం అనవసరమని భావించడం పొరపాటు. ప్రాచ్యకళాశాలలు చేపట్టవలసిన కార్యాలు మూడు. మొదటిది, ఆపదంత్యేష్టిని గూర్చిన విధులను సరళమైన తెలుగులో, వైద్యాధికారుల సమ్మతితో చిన్న పుస్తకంగా వెలువరించడం. పదమూడవ శతాబ్దిలోనే కేతన యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యను విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. 1612లో కమలాకరభట్టు నిర్ణయసింధువును, 1790లో కాశీనాథోపాధ్యాయుడు ధర్మసింధువును కూర్చారు. కాలానికి తగిన నిర్ణయగ్రంథం రచించడం ఈ విద్యాపరంపరకు స్వధర్మమే. రెండవది, డోలీల గానాలను, తండాల ఆచారాలను, జంగముల సమాధివిధులను సేకరించి, వాటికి స్మృతులతో సమానమైన ప్రామాణ్యాన్ని ఆ పుస్తకంలో ఇవ్వడం. దేశాచారాన్ని ధర్మశాస్త్రమే ప్రమాణంగా అంగీకరించింది.

మూడవది అతిసులభం. మృతితిథి తెలియనివారికి, శ్రాద్ధలోపం జరిగినవారికి మహాలయ అమావాస్య విహితకాలం. తెలంగాణలో దానినే పెత్రమాస అంటారు. ఆనాడు ప్రతి ఇంటా పెద్దలకు బియ్యమిస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పితరుల దినం, పూల పండుగ ఒకే దినాన కలవడం ఈ నేల ప్రత్యేకత. 2020, 2021లలో సరిగా సాగనంపలేదని కుమిలిపోతున్న కుటుంబాలకు, ఆ కర్మ నేటికీ చేయవచ్చునని, శాస్త్రం ఆలస్యాన్ని దోషంగా పరిగణించలేదని, పెత్రమాసకు ముందు ఊరూరా ఒక అధ్యాపకుడు చెప్తే చాలు. ఎన్ని గ్రంథాలు చదివిన పాండిత్యమైనా ఆ ఒక్క మాట చెప్పలేకపోతే, ఆ గ్రంథాలు బీరువాలలో ఉన్నా, లేకున్నా ఆ ఇండ్లకు ఒకటే.